మా తమ్ముడి చేతికి తాడు అందించినవాళ్లకు

అందరికీ నమస్కారం. మా తమ్ముడు క్యాంపు నుంచి ఇంటికొచ్చి మూడు వారాలైంది. అప్పట్నుంచీ ఈ నాలుగు మాటలు రాయాలనే అనుకుంటున్నాను గానీ రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండట్లేదు. ఈరోజు సెలవు దొరికింది, కూర్చున్నాను. పోస్టు కాస్త పెద్దదే అవుతుంది, ఎందుకంటే నేను థాంక్స్ చెప్పుకోవాల్సినవాళ్లు ఒకరిద్దరు కాదు.

తెలియనివాళ్ల కోసం ముందు మా సంగతి చెప్తాను. అమ్మా నాన్నా లేరు. నాకు 26, వాడికి 14. నా జీతంతోనే ఇల్లు గడవాలి. పోయినేడాది నుంచి వాడు బడి ఎగ్గొట్టడం, తోటి పిల్లలతో కొట్లాటకు దిగడం మొదలుపెట్టాడు, చివరికి ఒక కిటికీ అద్దం పగలగొట్టాడు. బడివాళ్లు నన్ను పిలిపించి, వాడిని పక్కన నిలబెట్టుకునే, "వీడు ఇలాగే ఉంటే జైలుకే పోతాడు, మా వల్ల కాదు" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా వాడు తల ఎత్తలేదు. నేనూ ఆ రోజు వాడిని ఓదార్చలేదు, ఇంటికొచ్చి ఇంకో నాలుగు తిట్టాను. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది.

ఆ తర్వాత వారంలో పక్కింటి ఆంటీ ఒక ఫారం పట్టుకొచ్చారు. డబ్బు లేని ఇళ్ల మగపిల్లల కోసం వేసవి సెలవుల్లో 12 రోజులు కొండల్లో, అడవిలో క్యాంపు అని. ఫారం ఆవిడే నింపారు, డాక్టర్ సర్టిఫికెట్ కోసం నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఆవిడే వాడిని తీసుకెళ్లారు. ఆంటీ, మీరు ఆ రోజు తలుపు తట్టకపోతే నాకు ఇలాంటిది ఒకటుందని కూడా తెలిసేది కాదు.

నిజం చెప్పాలంటే నేను మొదట వద్దన్నాను. భయం వేసి ఇంటర్నెట్లో వెతికితే ఇంకా భయపెట్టే సంగతులు కనిపించాయి. మొండి పిల్లల్ని దారిలో పెడతామంటూ అమెరికాలో నడిపిన బూట్ క్యాంపులు, అడవి శిక్షణల గురించి అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2007లో రిపోర్టు ఇచ్చింది. 1990 నుంచి 2004 వరకు అలాంటి చోట్ల చనిపోయిన పిల్లల కేసుల్లో పదింటిని తీసుకుని పరిశీలించారు. చదివి నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. దాంతో క్యాంపుకు ఫోన్ చేసి ఉన్న అనుమానాలన్నీ అడిగేశాను. ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దవాళ్లు? తప్పు చేస్తే తిండి ఆపుతారా? మధ్యలో ఇంటికి వస్తానంటే పంపిస్తారా? దెబ్బ తగిలితే ఏం చేస్తారు? ఫోన్ ఎత్తిన మేడమ్ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఎనిమిది మంది పిల్లలకు ఇద్దరు లీడర్లు, ఇద్దరికీ ప్రథమ చికిత్సలో శిక్షణ ఉంది, సిగ్నల్ లేని చోట శాటిలైట్ ఫోన్ ఉంటుంది, కొట్టడం, పస్తు పెట్టడం మా దగ్గర ఉండవు, వస్తానంటే తీసుకొచ్చి అప్పజెప్తాం అని ఒక్కొక్కటీ చెప్పారు. వాడికి సరైన బూట్లు లేవని చెప్పలేక నేను నీళ్లు నములుతుంటే, "సైజు చెప్పమ్మా, చాలు" అన్నారు. నాలుగు రోజుల్లో బూట్లు, రెయిన్ కోటు, స్లీపింగ్ బ్యాగు ఇంటికొచ్చాయి. మేడమ్, ఆ ఒక్క మాటతో మీరు నా పరువు నిలబెట్టారు.

ఇక అసలు విషయం. వాడు మామూలుగా ఏదీ చెప్పడు. అలాంటిది ఇంటికొచ్చిన రాత్రి బట్టలారేసే తాడు విప్పి, ఒక కొస కిటికీ ఊచకు కట్టి, నన్ను నిలబెట్టి మరీ చూపించాడు. రాక్ క్లైంబింగ్‌లో పైకి ఎక్కేవాడి తాడు కింద ఇంకొకడు పట్టుకుంటాడు, దాన్ని బిలే అంటారట. తాడు నడుముకున్న పరికరంలోంచి వస్తుంది, దాని కింద కొసను పట్టుకునే చెయ్యి ఏం జరిగినా వదలకూడదు. ఎక్కే ముందు ఇద్దరూ ఒకరి ముడి ఒకరు చూసుకోవాలి. "పట్టుకున్నావా?" "పట్టుకున్నా." "ఎక్కుతున్నా." "ఎక్కు." ఈ నాలుగు మాటలూ పైకి అనుకోకుండా ఎవరూ రాతి మీద చెయ్యి వేయరు.

నాలుగో రోజు లీడర్ అన్న ఆ తాడు మా వాడి చేతికిచ్చారు. పైకి ఎక్కేది ఆ గుంపులో అందరికంటే చిన్నవాడు. మొదటి రెండు రోజులూ మా వాడు ఏడిపించింది ఆ పిల్లాడినే. అన్న వెనకాల నిలబడి తాడు చివర తన చేతిలో పట్టుకున్నారు, ఏదైనా తేడా జరిగితే ఆపడానికి. కానీ మాట సాయం కూడా చేయలేదట. సగం ఎక్కాక ఆ పిల్లాడి కాలు జారింది. తాడు ఒక్కసారిగా బిగుసుకుని మా వాడు మునివేళ్ల మీదకు లేచాడు. అంతే, పిల్లాడు గాల్లో ఆగిపోయాడు, కింద పడలేదు. "వదల్లేదక్కా" అన్నాడు నాతో, తాడు పట్టుకున్న చేయి ఇంకా తొడ పక్కనే బిగించి ఉంచి. కాసేపాగి, "నేను వదిలితే వాడు పడతాడని అన్నకి తెలుసు కదా. తెలిసే ఇచ్చాడు" అన్నాడు.

లీడర్ అన్నా, నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే. వాడికి బుద్ధి చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు, నాతో సహా. వాడిని నమ్మి ఇంకొక ప్రాణం చేతిలో పెట్టినవాళ్లు మీరొక్కరే. మీరు వెనకాల తాడు పట్టుకుని నిలబడ్డారని వాడికీ తెలుసు, అయినా పట్టు తనదేనని వాడికి అనిపించేలా నిలబడ్డారు చూడండి, అది ఎలా చేయాలో నాకిప్పటికీ అర్థం కాలేదు గానీ ఇంట్లో నేర్చుకోవాలని చూస్తున్నాను.

అడవిలో అరుపులు లేవట. ఒక సాయంత్రం వీళ్ల టెంటులో ముగ్గురూ తాళ్లు సరిగ్గా బిగించకుండా పడుకున్నారు, అర్ధరాత్రి వాన పడి స్లీపింగ్ బ్యాగులు తడిసిపోయాయి. లీడర్లు లేచి వచ్చి పొడి బట్టలు ఇచ్చి, వేడి నీళ్లు తాగించి, వేరే టెంటులో పడుకోబెట్టారు. తిట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. మర్నాటి నుంచి చీకటి పడకముందే ప్రతి మేకూ వాడే తన్ని చూసేవాడట. నడకలోనూ అంతే, అందరికంటే నెమ్మదిగా నడిచేవాడిని ముందు పెట్టి, మిగతావాళ్లంతా వాడి వేగంతోనే నడవాలి. బాగా నడవగలిగినవాడికి అది ఎంత కష్టమో మా వాడు చెప్తుంటే నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది.

రాత్రిళ్లు మంట దగ్గర చెప్పిన కథల్లో ఒకటి వాడికి బాగా పట్టేసింది. కర్ట్ హాన్ అనే జర్మన్ టీచరు హిట్లర్‌ని ఎదిరించినందుకు 1933లో జైలుకెళ్లి, బయటికొచ్చాక దేశం వదిలి బ్రిటన్ వెళ్లి, 1934లో స్కాట్లండ్‌లో స్కూలు పెట్టాడు. 1941లో లారెన్స్ హోల్ట్ అనే ఓడల యజమానితో కలిసి వేల్స్‌లోని అబర్‌డవీలో అవుట్‌వర్డ్ బౌండ్ అనే సాహస శిక్షణ మొదలుపెట్టాడు. యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు లైఫ్‌బోట్లలో కుర్ర నావికులే ముందు ఆశ వదిలేసుకుంటున్నారని, సముద్రంలో కష్టాలు చూసిన పెద్దవాళ్లు తట్టుకుంటున్నారని హోల్ట్ బాధ. దానికి జవాబుగా పుట్టిందే ఆ శిక్షణ. ఇదంతా చెప్పి మా వాడు అడిగింది ఒకటే: "జైలుకెళ్లినాయన స్కూలు పెట్టాడా అక్కా?" పెట్టాడురా అన్నాను. ఇంకేం మాట్లాడలేకపోయాను.

వాడు పూర్తిగా మారిపోయాడని నేను చెప్పను. పోయిన గురువారం ఫోన్ విషయంలో నా మీద అరిచి తలుపు ధడాలున వేసుకున్నాడు. కానీ పది నిమిషాల్లో తనే తలుపు తీసుకుని బయటికొచ్చి, "తప్పు నాదేలే" అని గిన్నెలు కడగడానికి వెళ్లాడు. ఇంతకుముందైతే రెండు రోజులు మాటలుండేవి కావు.

ఆదివారం సాయంత్రం అన్న ఫోన్ చేస్తారు, నెలకోసారి ఆ ఎనిమిది మందినీ కలుపుతామన్నారు. ఇందుకు మాత్రం నేను రెండు సార్లు థాంక్స్ చెప్పాలి. క్యాంపువాళ్లు పెట్టిన పెద్దవాళ్ల మీటింగులో ఒక సంగతి చెప్పారు: 1997లో జాన్ హాటీ అనే విద్యా పరిశోధకుడి బృందం ఇలాంటి సాహస శిక్షణల మీద వచ్చిన 96 అధ్యయనాలను కలిపి చూస్తే, వచ్చిన మార్పు కార్యక్రమం అయిపోయాక కూడా నిలిచింది, ఇంకా పెరిగింది కూడా, కాకపోతే ఒక కార్యక్రమానికీ ఇంకోదానికీ చాలా తేడా ఉందని. ఆ తేడా ఎక్కడుందో నాకు ఆదివారం ఫోన్ మోగినప్పుడల్లా తెలుస్తోంది. పిల్లాడిని కొండ మీద నుంచి దింపి వదిలేసి ఉంటే నెలకల్లా వాడు మళ్లీ మొదటికే వచ్చేవాడని నా నమ్మకం.

వాడి సీటుకు డబ్బు కట్టినవాళ్లెవరో నాకు తెలియదు. అడిగినా చెప్పలేదు. మీరు ఇది చదువుతుంటే, మీకు చేతులెత్తి మొక్కుతున్నాను. మా తమ్ముడి చేత్తో రాయించిన ఉత్తరం క్యాంపు ఆఫీసులో ఇచ్చాను, మీకు అందజేస్తామన్నారు. అక్షర దోషాలు ఉన్నాయి, నేను దిద్దలేదు, వాడు వద్దన్నాడు.

మేడమ్, చివరగా బూట్ల సంగతి. మట్టంతా పాత బ్రష్‌తో వాడే రుద్ది తీసేశాడు, లోపల పేపర్లు కుక్కి నీడలో మూడు రోజులు ఆరబెట్టాడు, ఎడమదానికి కొత్త లేసు వేశాడు. బూటు నాలుక వెనక పెన్నుతో రాసిన పేర్ల పొడి అక్షరాలు మూడు ఉన్నాయి, అంతకుముందు వేసుకున్న పిల్లలవట. వాటి కింద వీడిదీ ఉంది. వచ్చే శనివారం పొద్దున నేనూ వాడూ వచ్చి ఇచ్చేస్తాం, ఆఫీసు ఎన్నింటికి తీస్తారో కింద చెప్పగలరు.