నెలాఖరుకి వద్దు తల్లీ

చిన్నీ,

నీ నవల రెండుసార్లు చదివాను. మొదటిసారి అమ్మగా చదివితే ఒక్క రాత్రిలో అయిపోయింది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే 11 రోజులు పట్టింది. "నెలాఖరుకి ప్రింటుకి ఇచ్చేస్తానమ్మా, ప్రూఫ్ ఒక్కటే మిగిలింది" అన్నావు ఫోన్లో. మిగిలింది ప్రూఫ్ ఒక్కటే కాదు తల్లీ, అందుకే ఈ ఉత్తరం.

ఎడిటింగ్ అంటే అచ్చుతప్పులు దిద్దడమే అనుకుంటారు చాలామంది. అది ఆఖరి పని. ముందు కథ చూసుకోవాలి: ఎక్కడ మొదలవ్వాలి, ఎవరి వైపు నుంచి చెప్పాలి, ఏ అధ్యాయం తీసేసినా కథ నడుస్తుందో. తర్వాత వాక్యాలు, ఆ తర్వాత కాపీ ఎడిటింగ్, అంటే స్పెల్లింగులు, వివరాలు అంతటా ఒకేలా ఉన్నాయో లేదో చూడటం. పేజీలు సెట్ చేశాకే ప్రూఫ్, అంటే మిగిలిన అచ్చుతప్పులు దిద్దడం. ఈ వరస తప్పితే చేసిన చాకిరీయే మళ్ళీ చేయాలి. మూడో అధ్యాయంలో కామాలు ఎంత శ్రద్ధగా పెట్టావో కనిపిస్తోంది, కానీ ఆ అధ్యాయం మొత్తం తీసేయమని చెప్తాను. తాతగారి ఆస్తి గొడవలన్నీ రాసేటప్పుడు నీకు తెలియాలి, చదివేవాళ్ళకి అక్కర్లేదు. కథ నిజంగా మొదలయ్యేది అక్క పెట్టె సర్దుకుంటుంటే చెల్లెలు గుమ్మంలో నిలబడి చూసే చోట.

ఆ సన్నివేశంలోనే చూడు, ఇలా రాశావు: "'వెళ్ళిపో' అంది కోపంగా. ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. కోపంతో చేతులు వణుకుతుండగా మడతపెట్టిన బట్టలన్నీ పెట్టెలోంచి తీసి మళ్ళీ మడతపెట్టసాగింది." ఇందులో కోపం మూడుసార్లు వచ్చింది. మూడూ కొట్టేశాను: "'వెళ్ళిపో' అంది. మడతపెట్టిన బట్టలన్నీ పెట్టెలోంచి తీసి మళ్ళీ మడతపెట్టసాగింది." మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెడుతోందంటే ఆమె మనసు ఎలా ఉందో తెలియదా? అంత మంచి సంగతి పట్టుకున్నదానివి, దాని మీద నమ్మకం లేక పక్కన కోపాన్ని మూడుసార్లు నిలబెట్టావు. నవల పొడుగునా ఇలాంటివి ఉన్నాయి. పైకి చదువుకో, నీ నోటికే అడ్డం తగులుతాయి.

నాలుగో అధ్యాయంలో పక్షవాతంతో నాన్నగారి ఎడమ చేయి పడిపోయింది. పన్నెండులో రెండు చేతులతో బిందె ఎత్తాడు. ఒక చోట ఆసుపత్రి, ఇంకో చోట ఆస్పత్రి, మరో చోట హాస్పిటల్. ఒక నోట్‌బుక్ పెట్టుకుని వయసులు, తారీఖులు, పేర్లు, నువ్వు ఎంచుకున్న స్పెల్లింగులు రాసుకో. ఎడిటర్‌కి ఇచ్చేటప్పుడు దాన్నీ ఇవ్వు. ఎడిటర్ని పెట్టుకునే ముందు ఒక 5 పేజీలు దిద్ది చూపించమను. నీ గొంతు నీకే ఉంచి దిద్దేవాళ్ళయితే సరే, నీ వాక్యాన్ని తమ వాక్యంగా మార్చేసేవాళ్ళయితే వద్దు. స్నేహితులకి ఇచ్చి "ఎలా ఉంది?" అని అడగకు, బాగుందనే అంటారు. ఎక్కడ పక్కన పెట్టేశారో, ఎక్కడ వెనక్కి తిప్పి చూడాల్సి వచ్చిందో అడుగు.

అట్ట మీద నీకు చాలా ఉత్సాహంగా ఉందని తెలుసు. ముందు వైపు ఇప్పుడే గీయించుకోవచ్చు, బొమ్మ అచ్చు సైజులో 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకి) తగ్గకుండా చూసుకో. కానీ పుస్తకం వెన్ను ఎంత మందం రావాలో పేజీల లెక్క, కాగితం తేలితేగాని తెలియదు, కాబట్టి పూర్తి అట్ట లోపలి పేజీల తర్వాతే. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు, 13 అంకెలది. అచ్చు పుస్తకానిదే ఈబుక్‌కి పెట్టకూడదు, ఈబుక్‌కి కూడా తీసుకుంటే అది వేరేది కావాలి. ఈబుక్‌లో అక్షరం సైజు చదివేవాళ్ళ చేతిలో ఉంటుంది, కాబట్టి స్పేసులు కొట్టి పేరాలు సర్దకు, అన్నీ చెదిరిపోతాయి. ఒక్క ప్రూఫ్ కాపీ (నమూనా ప్రతి) కాగితం మీద తెప్పించుకుని చూడకుండా ఎక్కువ కాపీలు వేయించకు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. నా కథల సంపుటి అప్పుడు ఒక సంస్థకి డబ్బు కట్టి వేయించాను. అచ్చు, ప్రచారం అంతా వాళ్ళే చూసుకుంటామన్నారు. ఎడిటింగ్ పేరుతో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. అగ్రిమెంట్ నేను సరిగా చదవలేదు, మూడేళ్ళ పాటు నా కథలు ఇంకెక్కడా వేసుకునే వీల్లేకపోయింది. నీ దగ్గర డబ్బు తీసుకుని, హక్కులూ తీసుకునేవాళ్ళు ఎంత తియ్యగా మాట్లాడినా సంతకం పెట్టకు. హక్కులు ఎవరివి, ఎంతకాలం, ఎప్పుడు బయటికి రావచ్చు, ఈ మూడూ కాగితం మీద కనిపించాలి.

దిద్దిన ప్రతిని రేపు పంపిస్తున్నాను. పెన్సిల్ గీతలు చూసి కంగారు పడకు, ఒక రోజు పక్కన పెట్టి తర్వాత విప్పు. పదిహేడో అధ్యాయంలో నేను ఒక్క గీత కూడా పెట్టలేదు. ఎవరు మార్చమన్నా దాన్ని మాత్రం ముట్టుకోకు.

అమ్మ