మా కోడలి రోజులు లెక్కలోకి రావా, మంత్రిగారూ?

కెనడా ఇమిగ్రేషన్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను తెనాలిలో ఉంటున్న రిటైర్డ్ లెక్కల మాస్టారిని. మా అబ్బాయి, కోడలు పీఆర్ (శాశ్వత నివాస హక్కు) తీసుకుని బ్రాంప్టన్‌లో స్థిరపడ్డారు. అబ్బాయికి తర్వాత పౌరసత్వం వచ్చింది. కోడలికి రాలేదు. కారణం మా ఇంట్లోనే ఉంది.

మా ఆవిడకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నెల రోజులుండి వెళ్దామని వచ్చిన కోడలు ఏళ్ల తరబడి ఉండిపోయింది. ముక్కు గొట్టంలోంచి పాలు పట్టడం, వీపు పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం, చేతిలో రబ్బరు బంతి పెట్టి "గట్టిగా నొక్కండి అత్తయ్యా" అని బతిమాలడం... ఆయాలను పెట్టుకున్నాం, ఒక్కరూ నిలవలేదు.

మీ చట్టం 28వ సెక్షన్ ప్రకారం పీఆర్ ఉన్నవాళ్లు అయిదేళ్లలో కనీసం 730 రోజులు కెనడాలో ఉండాలి. దానితో నాకు పేచీ లేదు. అయితే పౌరుడైన భర్తతో కలిసి విదేశంలో ఉంటే ఆ రోజులూ లెక్కలోకి వస్తాయని అదే సెక్షన్ చెబుతోంది. అంటే, పౌరసత్వం వచ్చాక మావాడు ఉద్యోగం మానేసి తెనాలిలో కూర్చుని ఉంటే ఆమె రోజులు పనికొచ్చేవి. అక్కడే ఉండి పనిచేసి, మీకు పన్ను కట్టి, తల్లి మందులకు డబ్బు పంపాడు కాబట్టి సున్నా! ఇన్నేళ్లు లెక్కలు చెప్పాను గానీ ఈ లెక్క మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

మానవతా కారణాలు చూసే వెసులుబాటు ఉంది, కాదనను. అందులో పిల్లల మేలు చూడాలని రాశారు. మంచం పట్టిన పెద్దల ఊసే లేదు. ఇక అంతా అధికారి దయ.

"పెద్దవాళ్లనే తీసుకెళ్లొచ్చుగా" అంటారు కొందరు. తల్లిదండ్రులు పిల్లల దగ్గర ఎక్కువకాలం ఉండేందుకు ఇచ్చే సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా చూపాలి. మంచాన ఉన్న మనిషికి ఆ బీమా ఎవరిస్తారండీ?

మా ఆవిడ పోయింది. ఇప్పుడు కోడలు భర్త దగ్గరికి వెళ్లాలి. భార్యగా స్పాన్సర్ చేద్దామంటే, పీఆర్ కార్డు గడువు తీరినా ఆమె ఇంకా పీఆరేనట, పీఆర్ ఉన్నవాళ్లను మళ్లీ స్పాన్సర్ చేయడం కుదరదట! ముందు తానే "నాకొద్దు" అని సంతకం పెట్టి వదులుకోవాలి. లేదంటే కార్డు లేని పీఆర్‌లు కెనడాకు తిరిగి రావడానికి ఇచ్చే ట్రావెల్ డాక్యుమెంట్‌కు అప్లై చేసి, కాదనిపించుకుని, 60 రోజుల అప్పీలు గడువు దాటేదాకా ఆగాలి. ఆ తర్వాత మెడికల్స్, పోలీసు సర్టిఫికెట్, పెళ్లి నిజమేనని రుజువులు అన్నీ మొదటినుంచీ. మావాడు రుజువుల కోసం వాట్సాప్ చాట్లు తిరగేస్తున్నాడు. ఎక్కడ చూసినా "అమ్మ తిందా?", "బీపీ ఎంత?", మందుల చీటీ ఫొటోలు. మొగుడూ పెళ్లాల మాటలు వెతుక్కోవాల్సిందే.

నేను అడిగేది పెద్ద విషయమేమీ కాదు. పౌరుడైన భర్తో భార్యో స్పాన్సర్ చేసినప్పుడు, కొత్త దరఖాస్తు తేలేదాకా పాత పీఆర్‌ను వదులుకోమనకండి. ఉన్నది పోయి, కొత్తది రాక, ఆ మధ్యకాలంలో పడే టెన్షన్ మామూలుది కాదు. ఇక మంచం పట్టిన తల్లిదండ్రులకు, అత్తమామలకు సేవ చేసిన రోజులనూ లెక్కలో కలపండి. దానికి చట్టం సవరించాలి, టైం పడుతుంది, తెలుసు. ఆస్పత్రి రికార్డులు అడగండి, డాక్టరుతో మాట్లాడండి. దొంగ కాగితాలు తెచ్చేవాళ్లూ ఉంటారు, కాబట్టి గట్టిగానే అడగండి. మా దగ్గర డిశ్చార్జి సమ్మరీల దగ్గర్నుంచి ఫిజియోథెరపీ బిల్లుల దాకా ఫైలు కట్టి ఉన్నాయి.

ఇట్లు,
ఒక మామగారు, తెనాలి