మధ్యలో ఉన్నాయనకు ఎన్ని మార్కులు?

సంపాదకులకు,

మా సంఘం ఎన్నికల్లో ఈసారి ఒక్కరికే టిక్కు పెట్టకుండా, ముగ్గురు అభ్యర్థులకూ 0 నుంచి 5 దాకా మార్కులు వేయమన్నారు. మొత్తం ఎక్కువ వచ్చినవారే విజేత. నాకు నచ్చినామెకు 5, నచ్చనాయనకు 0 వేశాను. మధ్యలో ఉన్నాయన దగ్గర పెన్ను ఆగిపోయింది. నిజానికి ఆయన 4కు తగినవారే. కానీ ఆ 4 మార్కులే ఆమెను ఓడిస్తాయేమోనన్న టెన్షన్‌లో 1 వేసేశాను. ఇప్పటికీ మనసు ఒప్పుకోవడం లేదు.

స్టార్ అనే మరో ఓటింగ్ పద్ధతిలో అయితే మార్కుల్లో ముందున్న ఇద్దరినీ తీసుకుని, ప్రతి బ్యాలెట్టులో వాళ్లలో ఎవరికి ఎక్కువ పడ్డాయో చూసి, వారికి పూర్తి ఓటుగా లెక్కిస్తారు. ఆ ఇద్దరూ ఆమె, ఆయనే అయితే, నా ఓటు ఆమెకే పడడానికి 5కూ 4కూ ఉన్న తేడా చాలు. మార్కుల ఎన్నికలు పెట్టేవారు దయచేసి ఈ రెండో లెక్క కూడా చేర్చండి.

– ఒక ఓటరు