‘ఎ డాల్స్ హౌస్’ ముగింపును మార్చకుండానే ప్రదర్శిస్తున్నాం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ ఏడాది వార్షికోత్సవంలో పదకొండో తరగతి విద్యార్థులు నార్వే నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ రాసిన ‘ఎ డాల్స్ హౌస్’ నాటకంలోని మూడో అంకాన్ని ప్రదర్శించబోతున్నారని తెలిసిన తరువాత, కథానాయిక నోరా భర్తనూ ముగ్గురు పిల్లలనూ విడిచి వెళ్లిపోయే ఘట్టాన్ని పిల్లల చేత వేయించడం తగునా అని కొందరు తల్లిదండ్రులు నన్ను అడిగారు. చివరికి ఆమె మనసు మార్చుకుని ఉండిపోయినట్టు చూపితే బాగుంటుందని ఒకరిద్దరు సూచించారు కూడా. ఆ సూచన పిల్లల మీది ప్రేమతో వచ్చిందే కనుక వివరంగా జవాబు చెప్పడం నా బాధ్యత.

ఇటువంటి కోరిక ఈ నాటకానికి కొత్తది కాదు. 1879 డిసెంబరులో కోపెన్‌హేగెన్‌లో పుస్తకంగా వెలువడిన ఈ నాటకాన్ని అదే నెల 21న అక్కడి రాయల్ థియేటర్‌లో తొలిసారి ఆడారు. కొద్దికాలానికే జర్మనీలో నోరా పాత్ర ధరించవలసిన నటి హెడ్విగ్ నీమన్-రాబె, తానైతే పిల్లలను ఎన్నడూ విడిచిపెట్టనంటూ ఆ ముగింపును నటించడానికి నిరాకరించారు. అక్కడి చట్టం తన రచనకు రక్షణ ఇవ్వదు కనుక, ఎవరో తోచినట్టు తిరగరాయడం కన్నా తానే రాయడం మేలని ఇబ్సెన్ మరో ముగింపు రాసిచ్చారు. అందులో భర్త ఆమెను నిద్రపోతున్న పిల్లల గది గుమ్మం దాకా తీసుకువెళ్తాడు. ఆమె అక్కడే కూలబడిపోతుంది. ఆ మార్పు నాటకం మీద జరిగిన అనాగరికమైన దౌర్జన్యమని స్వయంగా ఆయనే అన్నారు. రచయితే తిరస్కరించిన ముగింపును మన విద్యార్థుల చేతికి ఇవ్వడానికి నా మనసు ఒప్పలేదు.

నోరా చేసిన తప్పేమిటో చూడండి. భర్త హెల్మర్ ప్రాణాపాయంలో ఉన్నప్పుడు, ఇటలీ తీసుకువెళ్తే తప్ప బతకడని వైద్యులు చెబితే, ఆమె తండ్రి సంతకాన్ని తానే పెట్టి రహస్యంగా అప్పు తెస్తుంది. ఆ రోజుల్లో భర్త అనుమతి లేకుండా భార్య అప్పు చేయడానికి వీల్లేదు. నార్వేలో వివాహిత స్త్రీకి సొంత ఆస్తిపై చట్టపరమైన హక్కు వచ్చింది 1888లోనే. ఇంటి ఖర్చులో మిగిల్చి, ఒక చలికాలమంతా రాత్రిళ్లు తలుపు వేసుకుని నకళ్లు రాసి, ఆమె ఆ బాకీ తీరుస్తూ వస్తుంది. భర్తకు మాత్రం ఆమె ఒక చిట్టి పిట్ట, ఉడుత; తీపి బిస్కెట్లు తిన్నదేమోనని వేలు చూపి అడగవలసిన పసిపిల్ల. ఇబ్సెన్‌కు పరిచయమున్న లారా కీలర్ అనే రచయిత్రి జీవితంలో దాదాపు ఇదే జరిగింది. భర్త క్షయ వ్యాధికి చికిత్స కోసం ఆమె అప్పు చేసింది. సంగతి బయటపడినప్పుడు ఆ భర్త ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్పించాడు.

మూడో అంకంలో మా విద్యార్థులు ఎక్కువసేపు ఆగి చర్చించుకున్న చోటు ఒకటి ఉంది. అప్పిచ్చినవాడు రాసిన బెదిరింపు ఉత్తరం చదివిన హెల్మర్, పిల్లల పెంపకం ఇక నీ చేతికి ఇవ్వనంటాడు. లోకం కోసం మాత్రం అంతా మామూలుగా ఉన్నట్టు నటించాలంటాడు. కొద్ది క్షణాల్లో నోరా దొంగ సంతకం పెట్టిన ఆ అప్పు పత్రం తిరిగి వస్తుంది. అప్పుడు అతని నోట వచ్చే మొదటి మాట “నేను బతికిపోయాను!” అని. “మరి నేనో?” అని నోరా అడుగుతుంది. పాత్రధారిణి ఈ రెండు మాటలను కోపంగా అనాలా, నెమ్మదిగా అనాలా అని రిహార్సల్‌లో పెద్ద వాదమే జరిగింది. నెమ్మదిగానే అనాలని నా అభిప్రాయం. ఆ తరువాతే ఆమె భర్తను కూర్చోబెట్టి, పెళ్లయిన ఎనిమిదేళ్లలో మనం ఒక విషయాన్ని గురించి గంభీరంగా మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి అంటుంది. భార్యగా, తల్లిగా నీ ధర్మం ఏమిటని అతడు ప్రశ్నిస్తే, అన్నిటికన్నా ముందు తానొక మనిషినంటుంది.

తల్లిదండ్రులుగా మనకు అంతకన్నా దగ్గరి మాట మరొకటి ఉంది. పుట్టింట్లో నాన్న అభిప్రాయాలే తన అభిప్రాయాలని, వేరేగా తోచినా ఆయనకు నచ్చదని దాచుకునేదాన్నని, నాన్న చేతి బొమ్మగా ఉండి భర్త చేతికి మారానని, తన పిల్లలు కూడా తనకు బొమ్మలే అయ్యారని నోరా చెబుతుంది. మొదటి అంకంలో ఆమె క్రిస్మస్‌కు తెచ్చిన కానుకలు చూడండి: కొడుకులకు కత్తి, గుర్రం, బూర, కూతురికి బొమ్మ, బొమ్మ మంచం. అలవాటు ఎంత చల్లగా తరువాతి తరానికి చేరుతుందో ఇబ్సెన్ ఆ బజారు సంచీలోనే చూపించారు. హెల్మర్‌ను దుర్మార్గుడిగా నటించవద్దని అబ్బాయిలకు చెప్పాను. తాను మంచి భర్తనని అతడు నిజంగా నమ్ముతాడు, అతనికీ వేరే విధంగా ఎవరూ నేర్పలేదు.

తెలుగు పాఠంలో మన పిల్లలు గురజాడ ‘దిద్దుబాటు’ చదువుకున్నారు. 1910 నాటి ఆ కథలో కమలిని ఉత్తరం రాసిపెట్టి వెళ్లిపోయినట్టు నటిస్తుంది. మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది, సంసారం నిలుస్తుంది. అక్కడ భర్త గోపాలరావు పశ్చాత్తాపపడటానికి కథ చోటిచ్చింది కనుక ఆ ముగింపు దానికి సరిపోయింది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివించాలని తెలుగు, ఇంగ్లిష్ ఉపాధ్యాయులను కోరాను.

ప్రదర్శనకు ఎనిమిదో తరగతి, ఆపై విద్యార్థులను మాత్రమే అనుమతిస్తాం. ముగిసిన తరువాత అరగంట చర్చ ఉంటుంది. నోరా నిర్ణయాన్ని అంగీకరించనివారు ఆ మాటను పిల్లల ఎదుటే చెప్పవలసిందిగా కోరుతున్నాను. వారి వాదన వినడానికి పాత్రధారులు సిద్ధపడుతున్నారు. వీలైతే తల్లిదండ్రులు ఇద్దరూ కలిసి రండి.

భవదీయ,
ప్రధానోపాధ్యాయురాలు