నెట్‌వర్క్ డెవలపర్ కావాలన్న మా ప్రకటనలోనే తప్పుంది

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక చదువుల పేజీలో నెట్‌వర్కింగ్ రంగంలోని ఉద్యోగాల గురించి తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. ఏ కోర్సు చేయాలి, ఏ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, జీతం ఎంత ఉంటుంది అన్న వివరాలు వాటిలో ఉంటున్నాయి గానీ, ఆ ఉద్యోగం ఇచ్చేవాళ్లు మనిషిని ఎలా ఎంచుకుంటున్నారో, ఎంచుకోవడంలో ఎక్కడ బోల్తా పడుతున్నారో కనిపించడం లేదు. హైదరాబాద్‌లో పన్నెండు మందితో ఒక చిన్న సంస్థ నడుపుతూ, ఇదే పనికి రెండుసార్లు మనుషులను వెతికి, మొదటిసారి పొరపాటు పడినవాడిగా ఆ వైపు సంగతి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. లోపం అభ్యర్థుల్లో కన్నా మాలాంటి యజమానుల్లోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

గుంటూరు చుట్టుపక్కల మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రతను, తేమను కొలిచే పరికరాలను మేము తయారుచేస్తాం. ప్రతి పరికరమూ 5 నిమిషాలకోసారి కొలతను మా సర్వర్‌కు పంపాలి. రాత్రికి ఆ రోజు లెక్కంతా ఒక ఫైలుగా పంపాలి. ఈ రాకపోకలకు ప్రోగ్రాం రాసే మనిషి కావలసివచ్చినప్పుడు నేను చేసిన మొదటి పని, ఒక పెద్ద కంపెనీ ప్రకటనను ముందు పెట్టుకుని, నాలుగు మాటలు అటూ ఇటూ మార్చి మా పేరుతో వేయించడం. రౌటింగ్, స్విచింగ్, ఫైర్‌వాల్, క్లౌడ్, సి, జావా, పైథాన్ అన్నీ వచ్చి ఉండాలని, 5 ఏళ్ల అనుభవం ఉండాలని, సిస్కో సంస్థ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్ఏ ఉన్నవారికి ప్రాధాన్యం ఇస్తామని అందులో రాశాను. ఆఫీసులో రౌటర్లను అమర్చి చూసుకునే ఉద్యోగం వేరనీ, రెండు యంత్రాల మధ్య సంభాషణ నడిపే ప్రోగ్రాం రాసే ఉద్యోగం వేరనీ అప్పటికి నాకు తెలియదు. మోటారు వైండింగు చేయించడానికి బోరు లారీవాళ్లను పిలిచినట్టయింది నా పని.

వచ్చిన రెజ్యూమెల్లో సగానికి పైగా ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. అమీర్‌పేట వైపు కోచింగ్ సెంటర్లలో ఇచ్చే నమూనా అదేనని తరువాత తెలిసింది. సీసీఎన్ఏ పనికిరాదని నేననడం లేదు. 2020 ఫిబ్రవరిలో సిస్కో దాన్ని ఒకే పరీక్షగా మార్చినప్పుడు ఆటోమేషన్ పాఠాలను కూడా చేర్చింది. నెట్‌వర్క్ నిర్వహణలోకి వెళ్లేవారికి అది మంచి పునాది. అయితే రెండు యంత్రాల మధ్య సమాచారం తప్పిపోకుండా వరుసగా చేరేలా చూసే టీసీపీ అనే పద్ధతిలో, ఆ కనెక్షన్ మీద సొంతంగా ప్రోగ్రాం రాసి, అది మధ్యలో తెగిపోతే ఏం చేయాలో ఆలోచించగలరా లేదా అన్నది ఆ పరీక్ష చెప్పదు, చెప్పాలని అది పెట్టినదీ కాదు. పైగా పాత ప్రశ్నల డంప్స్ బట్టీపట్టి గట్టెక్కినవారెవరో, చదివి రాసినవారెవరో ఆ కాగితం చూసి పోల్చుకోలేం. నేను మాత్రం కాగితాన్నే చూశాను.

మొదట చేరినాయన మర్యాదస్తుడు, కష్టపడేవాడు. కొన్ని నెలలకు రెండు కోల్డ్ స్టోరేజీల నుంచి వింత ఫిర్యాదు వచ్చింది. 5 నిమిషాల కొలతలు ఠంచనుగా వస్తున్నాయి, రాత్రి ఫైలు మాత్రం ఏ రోజూ రావడం లేదు. ఆయన నెట్ ఇచ్చే సంస్థదే తప్పన్నారు, తరువాత రౌటర్‌ది అన్నారు. మా మాట నమ్మి వాళ్లు కొత్త రౌటర్ కొన్నారు. మూడు వారాలు గడిచినా ఫైలు రాలేదు. ఆయనే వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయారు. ఆయనను నిందించలేను, ఆయనకు వచ్చిన పని నేను అప్పగించలేదు.

రెండోసారి వెతికినప్పుడు ప్రశ్నల జాబితాను పక్కనపెట్టి, ఈ చిక్కునే అభ్యర్థుల ముందు పెట్టాను. పరికరం దగ్గర పట్టిన ప్యాకెట్ల (నెట్‌వర్క్ మీద వెళ్లే సమాచారపు ముక్కల) రికార్డును ఒక ల్యాప్‌టాప్‌లో, వాటిని విడదీసి చూపే వైర్‌షార్క్ అనే ప్రోగ్రాంతో తెరిచి, ఇది చూసి మీకేమనిపిస్తోందో చెప్పమన్నాను. ఇద్దరు ముగ్గురు నెట్‌వర్క్ పనిని పొరలుగా విడదీసి చెప్పే ఓఎస్ఐ నమూనాలోని ఏడు పొరల పేర్లు గడగడా అప్పజెప్పారు. నరసరావుపేట దగ్గరి ఒక కళాశాలలో చదివి, అంతకుముందు ఏడాదే బయటికి వచ్చిన ఒక యువతి మాత్రం పావుగంట సేపు ఏమీ మాట్లాడకుండా తెరను కిందికీ పైకీ జరుపుతూ కూర్చుంది. పూర్తి 1500 బైట్ల ప్యాకెట్టు ఒకటే మళ్లీ మళ్లీ వెళుతోందనీ, రెండు ప్రయత్నాల మధ్య ఎడం ప్రతిసారీ రెట్టింపవుతోందనీ, అంటే అవతలి నుంచి జవాబే రావడం లేదనీ చూపించి, "సార్, అక్కడి నెట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి కనెక్ట్ చేసే రకమా?" అని అడిగింది. అవునన్నాను.

ఆ రకం కనెక్షన్‌లో పీపీపీఓఈ అనే ఏర్పాటు ప్రతి ప్యాకెట్టులోనూ 8 బైట్లు తన కోసం తీసుకుంటుంది కాబట్టి 1500 బదులు 1492 మాత్రమే పడుతుంది. వంద బైట్లు కూడా లేని మా కొలత దర్జాగా వెళ్లిపోతోంది, నిండు ప్యాకెట్లతో బయలుదేరిన రాత్రి ఫైలు మాత్రం గడప దాటడం లేదు. "నీ ప్యాకెట్టు పెద్దది, తగ్గించు" అని రౌటర్ వెనక్కి పంపే ఐసీఎంపీ సందేశం పరికరానికి చేరితే టీసీపీ దానంతటదే సర్దుకునేది. భద్రత పేరుతో ఎవరో అక్కడి ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ మొత్తాన్నీ మూసేశారు. 1492లో హెడర్లకు (ప్యాకెట్టు ముందుండే చిరునామా వంటి వివరాలకు) 40 పోగా మిగిలే 1452ను మా సర్వర్ ప్రకటించే ఎంఎస్ఎస్‌గా, అంటే ఒక్కో ప్యాకెట్టులో తనకు పంపదగ్గ అసలు సమాచారపు గరిష్ఠ పరిమితిగా పెట్టమని ఆమె చెప్పింది. ఆ రాత్రే రెండు చోట్ల నుంచీ ఫైళ్లు వచ్చాయి. కొత్త రౌటర్ డబ్బు ఆ కోల్డ్ స్టోరేజీ వాళ్లకు ఎలా తిరిగిచ్చానన్నది వేరే కథ.

అప్పటి నుంచి అభ్యర్థికి ఒక పూట పని ఇచ్చి, ఆ పూటకు డబ్బు కూడా ఇస్తున్నాను. ఊరికే చేయించుకోవడం నాకు నచ్చదు. 8080 పోర్టులో, అంటే కంప్యూటర్‌లో ఆ నంబరున్న ద్వారం దగ్గర, వచ్చే కనెక్షన్ల కోసం వినవలసిన చిన్న సి ప్రోగ్రాం ఒకటి ఇస్తాను. అది తప్పు లేకుండా నడుస్తున్నట్టే ఉంటుంది గానీ ఎవరూ దానికి కనెక్ట్ కాలేరు. నిజానికి అది 36895లో వింటూ ఉంటుంది. 8080ని 256తో భాగిస్తే భాగఫలం 31, శేషం 144. ఆ రెండు బైట్లూ తారుమారైతే వచ్చేదే 36895. మన కంప్యూటర్లలోని మామూలు ప్రాసెసర్లు తక్కువ స్థానపు బైటును (ఇక్కడ 144) ముందు పెడతాయి, నెట్‌వర్క్ ఎక్కువ స్థానపు బైటును (ఇక్కడ 31) ముందు అడుగుతుంది, మధ్యలో ఈ వరుసను మార్చే ఒక్క ఫంక్షన్ పిలుపును నేను కావాలనే తీసేశాను. జవాబు దొరికిందా అన్నదాని కన్నా, ప్రోగ్రాం అసలు ఎక్కడ వింటోందో ముందు చూద్దామన్న ఆలోచన వారికి వచ్చిందా అన్నదే నేను గమనిస్తాను. ఇంకో ప్రశ్న నోటితోనే అడుగుతాను: ఒకసారి 100 బైట్లు, మరోసారి 200 బైట్లు పంపితే అవతల ప్రోగ్రాం ఒక్క రిసీవ్‌లో, అంటే వచ్చినదాన్ని ఒకసారి చదివితే, ఎన్ని వస్తాయి? టీసీపీలో ప్రవాహమే తప్ప సందేశాల మధ్య గట్లు ఉండవని తెలిసినవారు "చెప్పలేం" అంటారు. ఆ మాట ధైర్యంగా అనేవారు తక్కువ.

జీతం విషయంలో మాలాంటి చిన్న సంస్థలు మాదాపూర్‌తో పోటీపడలేవు. మూడు నెలల నోటీస్ పీరియడ్‌తో వచ్చే అనుభవజ్ఞుడు ఆ మూడు నెలల్లో మరో రెండు ఆఫర్లు చేతిలో పెట్టుకుంటాడు, అందులో అతని తప్పేమీ లేదు. అందుకే కొత్తగా చదువు ముగించినవారిని తీసుకుని నేర్పుకోవడమే మాకు దారి. ఆ దారిలో అడ్డు పడుతున్నది మాత్రం కళాశాలల ల్యాబే. నెట్‌వర్క్ మీద మాట్లాడుకునే సాకెట్ ప్రోగ్రాములు సిలబస్‌లో ఉంటాయి, సీనియర్ రికార్డు చూసి రాసుకోవడంతో ముగుస్తాయి. ఒకే కంప్యూటర్‌లో రెండు కిటికీలు తెరిచి పలకరించుకుంటే పని అయిపోయినట్టే లెక్క. మధ్యలో వైరు పీకి, అప్పుడేమవుతుందో రాయమని అడిగే అధ్యాపకులు ప్రతి కళాశాలలో ఒక్కరున్నా మా వెతుకులాట సగం తగ్గుతుంది. మీ చదువుల పేజీ కూడా సర్టిఫికెట్ల పట్టికతో పాటు, అప్పుడప్పుడు ఇలాంటి ఒక నిజమైన చిక్కును ఇచ్చి, వారం తరువాత జవాబు వేస్తే బాగుంటుందని మనవి.

ఈ నెలలో మాకు మరొకరు కావాలి. ఈసారి ప్రకటన నేనే కూర్చుని రాశాను: "పల్లెల్లోని అంతంతమాత్రపు నెట్ మీద కూడా నమ్మకంగా సమాచారం పంపే ప్రోగ్రాం సి భాషలో రాయాలి. లినక్స్ వచ్చి ఉండాలి. మీరు పట్టుకున్న ఒక నెట్‌వర్క్ తప్పు గురించి ఒక పేజీ రాసి పంపండి, తెలుగులో రాసినా సరే. సర్టిఫికెట్లు జతచేయనక్కరలేదు."

ఇట్లు,
ఒక చిన్న పరికరాల తయారీ సంస్థ యజమాని,
కుషాయిగూడ, హైదరాబాద్