కాలిఫోర్నియా తీరంలోని మాస్ ల్యాండింగ్‌లో మమ్మల్ని ఒడ్డుకు చేర్చిన వాళ్ళకు కృతజ్ఞతలు

అందరూ ఫోన్లు చేసి అడుగుతున్నారు కాబట్టి ముందు ఆ మాట: మా బావమరిది బాగున్నాడు. సాలినాస్‌లో ఆస్పత్రికి తీసుకెళ్తే జారిన భుజం సరిచేసి, కట్టు కట్టి పంపారు.

ఎల్క్‌హార్న్ స్లూ అనే సముద్రపు పాయ దిగువన, గాలంతో చేపలు పట్టనిచ్చే భాగంలో, హాలిబట్ చేపల కోసం ఇద్దరం ఒకే కయాక్‌లో (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఉన్నాం. గాలానికి బ్యాట్ రే అనే పెద్ద టేకు చేప తగిలింది. అది ఒక్కసారిగా అడుక్కి లాగేసరికి వాడి కుడి భుజం జారింది. దారం కోసేశాను. కానీ వాడు తెడ్డు ముట్టుకునే స్థితిలో లేడు. అప్పటికే పాటు (నీరు సముద్రంలోకి వెనక్కి తీయడం) మొదలైంది. ఏడు మైళ్ళ పాయలోకి ఎక్కిన నీరంతా హైవే 1 వంతెన కిందుగానే హార్బర్‌లోకి, అక్కణ్ణుంచి మాంటరే బేలోకి దిగాలి. ఎదురుగా మధ్యాహ్నం లేచే వాయవ్య గాలి. రెండూ ఢీకొనే చోట పొట్టి పొట్టి అలలు. కయాక్‌ని ఒక్కణ్ణే అదుపు చేయలేక చాలా టెన్షన్ పడ్డాను.

నేను ఊదిన విజిల్ విని ముందుగా వచ్చింది దగ్గర్లో చేపలు పడుతున్న ఒక పెద్దాయన. ఏమీ అడగలేదు. తన కయాక్ వెనక పిడికి తాడు కట్టి, రెండో కొన మా ముందు పిడికి తగిలించి, నడి ప్రవాహంలోంచి తప్పించి బురదగట్టు వారగా లాక్కెళ్ళారు. దారిలో సీ ఆటర్లు (సముద్రపు నీటిపిల్లులు) వెల్లకిలా పడుకుని ఉంటే, అంత హడావిడిలోనూ వాటిని బెదరగొట్టకుండా దూరంగా తిప్పి తీసుకెళ్ళారు. అసలు కష్టం వంతెన దగ్గర. దాటగానే కుడివైపు నార్త్ హార్బర్‌లోకి మళ్ళకపోతే నీరు నేరుగా సముద్రం వైపు తీసుకుపోతుంది. అక్కడ ఆయన ఊపిరి బిగబట్టి వేసిన తెడ్డు నేను మర్చిపోలేను. ఈ ఉత్తరం ఇంగ్లిష్‌లో ఆయనకు విడిగా పంపాను.

ఇక పడవలు దింపే ర్యాంప్ దగ్గర దొరికిన మన తెలుగు అన్నయ్యా వదినలు. పేర్లు రాయొద్దన్నారు, రాయను. వదినా, "కీలు ఎవరూ లాగొద్దు, డాక్టరే చూడాలి" అని గట్టిగా చెప్పి, మీ చున్నీతోనే వాడి చేతిని ఛాతీకి కదలకుండా కట్టారు. డాక్టర్ కూడా మంచి పని చేశారన్నాడు. అన్నయ్యా, తడి బట్టలతో ఉన్న మమ్మల్ని మీ కారులో ఎక్కించుకుని, ఎక్స్‌రే అయ్యేదాకా పిల్లలతో సహా అక్కడే కూర్చున్నారు. మా చెల్లెలికి ఫోన్ చేసి ధైర్యం చెప్పింది కూడా మీరే.

మీ ముగ్గురికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. చున్నీ ఉతికి ఉంచాం. ఆదివారం మీరు ఇంట్లో ఉంటే వాడే వచ్చి ఇస్తానంటున్నాడు.