సైకిల్ సంఘం వార్షిక నివేదిక: కార్తీకం నుంచి అరకు దాకా

సభ్య మిత్రులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం తలపెట్టిన పెద్ద పని ఒక్కటే. విశాఖ నుంచి అరకు వరకు సైకిళ్ల మీద వెళ్లి, మర్నాడు తిరిగి రావడం. పోనూ రానూ సుమారు 230 కిలోమీటర్లు. సికిల్ సెల్ జబ్బుతో బాధపడే ఏజెన్సీ పిల్లల దారి ఖర్చుల కోసం చందాలు పోగుచేయడానికి ఈ యాత్ర పెట్టుకున్నాం. బీచ్‌లో చెత్త ఏరడం, బడిపిల్లలకు పంక్చర్ వేయడం నేర్పడం ఎప్పటిలాగే జరిగాయి. అందుకని యాత్ర గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఈ జబ్బునే ఎందుకు ఎంచుకున్నారని కొందరు సభ్యులు అడిగారు. ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, సన్నటి రక్తనాళాల్లో అడ్డుపడతాయి. అప్పుడు వచ్చే నొప్పి పెద్దవాళ్లే ఓర్చుకోలేరు. గిరిజన ప్రాంతాల్లో ఇది ఎక్కువ. 2023 జులైలో కేంద్రం దీని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలుపెట్టింది. అయితే నొప్పి ముదిరినా, రక్తం ఎక్కించాల్సి వచ్చినా కొండ దిగి పెద్దాసుపత్రికి రాక తప్పదు. బస్సు ఛార్జీలు, తోడు వచ్చినవాళ్ల భోజనం, ఆ రోజుల్లో పోయే కూలి డబ్బులు, ఇవన్నీ ఆ కుటుంబం మీదే పడతాయి. మన చేతనైన సాయం అక్కడ చేయాలనుకున్నాం.

సాధన కార్తీక మాసంలో మొదలైంది. మామూలు రోజుల్లో ఆర్కే బీచ్ నుంచి రుషికొండ, ఆదివారాలు భీమిలి. డిసెంబరులో ఆరుంపావు దాటితే గానీ వెలుగు రాదు కాబట్టి వెనక ఎర్ర లైటు లేని సైకిల్‌ను కదలనివ్వలేదు. సముద్రపు గాలికి చైన్లు తుప్పు పడుతుంటే వారానికోసారి తుడిచి నూనె వేయడం అందరికీ అలవాటు చేశాం. దూరం ఒక్కసారిగా పెంచకుండా, మోకాళ్లు ఒప్పుకున్నంతే పెంచుకుంటూ పోయాం. ఎత్తు ఎక్కడం మాత్రం సింహాచలం ఘాట్ మీదే నేర్చుకున్నాం. చిన్న గేరు వేసి, లేచి తొక్కకుండా, ఊపిరి అందేలా నిదానంగా ఎక్కడం అక్కడే వచ్చింది. ధనుర్మాసం చలిలో అయిదింటికి దుప్పటి వదిలి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ సంఘం రుణపడి ఉంది.

చలికాలంలో మనం చేసిన పెద్ద తప్పు నీళ్లు తాగకపోవడం. చెమట కనబడదు, దాహం వేయదు. సీసా నిండుగా ఇంటికి తిరిగొచ్చేది, రాత్రి పిక్కలు పట్టేసేవి. ఇరవై నిమిషాలకోసారి గుక్కెడు తాగాలనే నియమం పెట్టాక అది తగ్గింది. ఒంట్లో నీరు తగ్గడం, చలి, ఈ రెండూ సికిల్ సెల్ పిల్లలకు నొప్పి రేపుతాయని డాక్టరు గారు చెప్పినప్పుడు మనవాళ్లంతా చాలాసేపు మాట్లాడలేదు. పిక్కలు పట్టేసినందుకే మనం వారం రోజులు చెప్పుకున్నాం.

ఇక జరిగిన పొరపాటు దాచకుండా రాయాలి. సంక్రాంతికి ముందు ఘాట్ మీద చేసిన రిహార్సల్‌లో, దిగేటప్పుడు కొత్తగా చేరిన ఒక సభ్యురాలి ట్యూబు పేలింది. ఆపకుండా బ్రేకులు నొక్కి ఉంచితే రిమ్ కాగిపోయి అలా జరుగుతుంది. ఆమెకు ఆ మాట ముందే చెప్పాల్సింది మేము. ముందు వెళ్లినవాళ్లు చూసుకోలేదు, ఫోన్ సిగ్నల్ లేదు. మంచులో ఒంటరిగా ముప్పావుగంట నిలబడింది. ఇది కమిటీ తప్పు, కార్యదర్శిగా ముందు నాది. ఆ మర్నాటి నుంచే పద్ధతి మార్చాం. పంపు, ప్యాచ్‌లు తెలిసిన ఇద్దరు అందరికన్నా వెనకే ఉండాలి. ప్రతి మజిలీలో వాళ్లు చేరేదాకా ఎవరూ కదలకూడదు. చురుకైనవాళ్లకు ఇది కష్టంగానే ఉంది, అయినా పాటించారు.

ఫిబ్రవరిలో యాత్ర రోజు పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట చేరేసరికి ఎండ వచ్చింది. అక్కడ చోడంబలి (రాగి అంబలి), అరటిపండ్లు, బెల్లం వేరుశనగ ఉండలు. తర్వాత ఘాట్. సముద్ర మట్టం నుంచి బయల్దేరి వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. అనంతగిరి దగ్గర కాఫీ తోటల నీడలో కొందరు దిగి సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు, వాళ్లతోపాటు మిగతావాళ్లూ దిగి నడిచారు. మన యాత్రలో నాకు బాగా నచ్చింది అదే. అరకులో ఒక తల్లి తన కొడుకును తీసుకొచ్చి చూపించి, "మా వాడికీ సైకిలంటే ఇష్టమే బాబూ" అంది. ఆ అబ్బాయి నా సైకిల్ బెల్లు నొక్కుతూనే ఉన్నాడు.

చందాల జమాఖర్చులు కోశాధికారి గారు రసీదులతో సహా సమావేశంలో చదివి వినిపిస్తారు. యాత్రలో మన తిండికి, బసకు అయిన ఖర్చు ఎవరిది వారే పెట్టుకున్నారు, చందా డబ్బు ముట్టలేదు.

వచ్చే సాధన కార్తీక పౌర్ణమి తర్వాతి ఆదివారం ఉదయం అయిదింటికి ఆర్కే బీచ్‌లో జలాంతర్గామి మ్యూజియం ఎదుట మొదలవుతుంది. కొత్తవాళ్లు ముందు రోజే సైకిల్ తెచ్చి బ్రేకులు చూపించుకోండి. పాత హెల్మెట్లు, లైట్లు ఇంట్లో ఖాళీగా ఉంటే తీసుకురండి, లేనివాళ్లకు ఇద్దాం.

కార్యదర్శి